రెండో తాళంచెవి

బ్యాంకు ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే నేర్చుకునే సంగతి ఒకటుంది. స్ట్రాంగ్ రూముకు రెండు తాళాలుంటాయి. ఒక తాళంచెవి మేనేజరు దగ్గర, రెండోది క్యాషు చూసే అధికారి దగ్గర ఉంటాయి. ఇద్దరూ వస్తేగాని తలుపు తెరుచుకోదు. ఇవిగాక, డూప్లికేటు చెవుల జత ఒకటి సీలు వేసిన కవరులో మరో శాఖలో ఉంటుంది. కొంతకాలానికొకసారి ఆ జతను తెచ్చి వాడుకలో పెట్టి, వాడుకలో ఉన్న జతను అక్కడికి పంపాలి. మూలనపడి తుప్పు పట్టకుండా, అవసరం పడిన రోజున తాళంలో తిరగకుండా మొరాయించకుండా ఉండటానికి ఈ ఏర్పాటు. ముప్ఫై ఏళ్లుగా ఈ పని చేస్తూనే ఉన్నాను. అయినా దాని అర్థం నాకు తెలియజెప్పినవాడు చేపలు పట్టుకునే ఒక ముసలాయన.

2009లో బరంపురానికి దగ్గరలో, సముద్రపు ఒడ్డునున్న ఒక శాఖలో పనిచేసేవాణ్ని. మా ఖాతాదారుల్లో సగానికి పైగా మనవాళ్లే. పూరీ పెంటకోట మొదలుకొని గంజాం తీరం పొడుగునా ఉన్న తెలుగు బెస్తవారిని ఒడియావారు నోలియాలంటారు. ఇంట్లో శ్రీకాకుళం యాస, బజారులో ఒడియా, బ్యాంకు కాగితాల మీద మాత్రం రెండూ కాని భాష. ముసలాయన బోటు అప్పుకోసం ఇచ్చిన అంచనాలో పడవ, ఇంజను, వలలు, ఐసు పెట్టె, వైర్‌లెస్ సెట్టు ఉన్నాయి. జీపీఎస్‌లు మాత్రం రెండు. ఒకటి బోటు బ్యాటరీ మీద పనిచేసేది, రెండోది చిన్న సెల్స్‌తో నడిచే చేతి సెట్టు. రెండోదాని ఖరీదు తొమ్మిది వేల చిల్లర. లక్షల అప్పులో అదొక లెక్క కాదు. కాని లెక్కలు చూసేవాడి చేతికి ఎర్ర సిరా కలం ఉంటే ఊరుకోదు. "ఒకే పనికి రెండు వస్తువులు. అనవసరం" అని రాసి కొట్టేశాను.

ఆయన వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. వాదించలేదు. నేనే ఏదో చమత్కారంగా, "సముద్రం తూర్పున ఉంది కదా తాతా, పడమటికి తిప్పితే గట్టు ఎక్కడికి పోతుంది?" అన్నాను.

"గట్టు దొరుకుతాది బాబూ. మన గట్టు దొరకాల కదా" అన్నాడు.

కాసేపటికి క్యాషు గది వైపు చూసి, "మరి మీ ఇనప్పెట్టికి రెండు తాళాలేటికి?" అన్నాడు.

"అది జనం డబ్బు తాతా" అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. లేచి వెళ్లిపోయాడు. ఆ మాటలో ఏముందో నాకప్పుడు వినపడలేదు.

ఆ ఏడాది దీపావళి వెళ్లాక ఆ బోటు ఐదుగురితో వేటకు వెళ్లింది. ముసలాయన కొడుకే సరంగు. రెండోనాటి రాత్రి ఉప్పునీళ్లు బ్యాటరీలోకి పోయి దీపం, వైర్‌లెస్, జీపీఎస్ మూడూ ఒకేసారి చచ్చాయి. ఇంజను చేత్తో తిప్పి నడిపేది కనుక అది బతికింది. ఆకాశం నిండా మబ్బు. గొల్లకావడి లేదు, పిల్లలకోడి లేదు. దిక్సూచి ఉంది. టార్చి వెలుగులో దాన్ని చూసుకుంటూ పడమటికే వచ్చారు. కాని ఆ రోజుల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మన తీరం వెంట నీటి ప్రవాహం దక్షిణానికి లాగుతుంది. దిక్సూచి ముఖం ఎటుందో చెబుతుంది గాని, కాళ్ల కింద నీళ్లు ఎటు జారుతున్నాయో చెప్పదు. తెల్లారి చూస్తే ఎదుట గట్టు ఉంది, కాని ఎవరి గట్టో తెలియదు. డీజిలు అయిపోయింది. విరిగే అలల వెలుపల లంగరు వేసుకు కూర్చున్నారు. మధ్యాహ్నానికి ఇంకో బోటు వాళ్లు చూసి లాగి ఒడ్డుకు చేర్చారు. అది శ్రీకాకుళం జిల్లా, బారువ దరిదాపుల్లో.

కబురు లేని ఆ ముప్ఫై గంటల్లో సరంగు భార్య మా శాఖకు వచ్చింది, బ్యాంకులో ఫోను ఉంటుంది గదా అని. "ఏటైనా కబురొచ్చిందా బాబూ?" అని అడిగింది. రాలేదన్నాను. ఆమె గుమ్మం దాటగానే నేను చేసిన పని ఇక్కడ రాయకపోతే ఈ వ్యాసం రాయడమే దండగ. బీరువాలోంచి ఫైలు తీసి, బోటు బీమా ప్రీమియం కట్టి ఉందా లేదా అని చూశాను. కట్టి ఉంది. ప్రాణం కుదుటపడింది. ఆ కాగితం కిందనే నా ఎర్ర సిరా కనిపించింది.

అందరూ బతికి వచ్చారు. అప్పు కూడా వాయిదాలు తప్పకుండా తీరిపోయింది. లెక్కల ప్రకారం ఆ ఖాతాలో ఏ లోపమూ లేదు. అయినా అప్పటినుంచి ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. ఇంకొకడి ప్రాణానికి ఎంత భద్రత చాలునో నిర్ణయించే హక్కు ఒడ్డున కూర్చున్నవాడికి ఎక్కడినుంచి వచ్చింది?

కామర్సు చదివినవాడికి రెండో వస్తువు ఎప్పుడూ దండగగానే కనిపిస్తుంది. మొదటిది పనిచేసినన్నాళ్లూ రెండోది ఏమీ సంపాదించదు. తరుగు మాత్రం ఏటేటా రాయాలి. దాని విలువ తెలిసేది ఒక్క రాత్రి. ఆ రాత్రి లెక్కలు రాసేవాడు ఇంట్లో నిద్రపోతూ ఉంటాడు. కొట్టివేతవల్ల మిగిలిన తొమ్మిది వేలు నా జాగ్రత్త కింద జమ అయింది. దానికి ఎదురు పద్దు ఐదుగురు మనుషుల పేర రాసి ఉంది, నా పుస్తకంలో కనపడని చోట. ఆదా చేసేవాడూ, ఆ ఆదాకు మూల్యం చెల్లించేవాడూ ఒకరే అయితే అది పొదుపు. వేర్వేరు అయితే దానికి ఇంకో పేరు ఉండాలి. ముసలాయన అడిగింది అదే. జనం డబ్బుకు రెండు తాళాలు కావాలన్నాను. జనానికి అక్కర్లేదన్నాను.

ముసలాయన ఇప్పుడు లేడు. ఈమధ్య ఆయన మనవడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. సొంత బోటు, సొంత డబ్బు. బోటులో పెద్ద తెర ఉన్న సెట్టు బిగించి ఉంది. రెండోది ఏది కొనమంటారు అని అడిగాడు. "ఫోను ఉంది కదా, అదే రెండోది అంటున్నారు కుర్రాళ్లు" అన్నాడు. నాకీ విద్య రాదు. కాని పాపం చేసినవాడికి ప్రాయశ్చిత్తంగానైనా చదవాలనిపిస్తుంది కదా. పదిహేనేళ్లుగా కనపడ్డదల్లా చదువుతూనే ఉన్నాను.

ఫోను తీసిపారేయవలసింది కాదు. టవరు అందకపోతే ఫోనులో జీపీఎస్ పనిచేయదని చాలామంది అనుకుంటారు. అది తప్పు. 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల్లో కనీసం నాలుగింటి మాట వినపడితే చాలు, ఫోనైనా తన చోటు చెప్పగలదు. పటం మాత్రం ఒడ్డునే దాచుకొని ఉండాలి. చిక్కు వేరే ఉంది. తడి వేళ్లకు, ఉప్పు పేరుకున్న అద్దానికి పొత్తు కుదరదు. పైగా ఆ ఫోను ఛార్జింగు ఎక్కేది ఎక్కడినుంచి? అదే బోటు బ్యాటరీ నుంచి. బ్యాటరీ పోయిన రాత్రి ఒక పూట ఆలస్యంగా అదీ వెంట పోతుంది. అప్పు తీసుకున్నవాడి ఇంట్లోనే, వాడి సంపాదన మీదే బతుకుతున్న తమ్ముణ్ని జామీను పెట్టుకున్నట్టు ఉంటుంది ఇది. కాగితం మీద సంతకాలు రెండు, నిజానికి మనిషి ఒక్కడే.

అందుకని, మార్చుకోగల చిన్న సెల్స్‌తో నడిచే, తెరకు బదులు గట్టి బొత్తాలున్న చేతి సెట్టు కొనమన్నాను. నీళ్లలో పడితే తేలాలి. గార్మిన్‌లో 78, 79 వరుసల సెట్లు తేలుతాయి. అన్నీ తేలవు. నీరు చొరదని పెట్టె మీద రాసిన గుర్తుకు అర్థం మీటరు లోతులో అరగంట అని, అదీ మంచినీళ్లలో. సముద్రం ఆ షరతు చదవదు గనక ప్రతి వేటకూ కడిగి తుడవాలి. పాత సెట్టు చవకగా వస్తోందన్నాడు. దానిలోనూ ఒక మెలిక ఉంది. జీపీఎస్ వారాలను 1,024 దాకా లెక్కపెట్టి మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతుంది. అలా 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో ఒకసారి జరిగింది. కొన్ని పాత సెట్లు ఇప్పటికీ ఇరవై ఏళ్ల కిందటి తేదీ చూపిస్తాయి. చోటు సరిగానే చెప్పవచ్చు, కాని కాలం తప్పిన సాక్షిని నేనైతే నమ్మను.

సెట్టు కొన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు. పెద్ద సెట్టులో తాత నాటినుంచి పోగైన గుర్తులున్నాయి. రాళ్లున్న చోట్లు, వల చిక్కే చోట్లు, రేవు ముఖం. చేతి సెట్టులో అవి ఎక్కించకపోతే, అది నువ్వెక్కడున్నావో చెబుతుంది గాని ఇల్లెక్కడో చెప్పదు. ఎక్కించేటప్పుడు రాతపద్ధతి ఒకటిగా ఉండాలి. 19 డిగ్రీల 15.50 నిమిషాలను ఒకడు 15 నిమిషాల 50 సెకండ్లుగా చదివితే ఆరు వందల మీటర్ల పైచిలుకు తేడా వస్తుంది. రేవు ముఖం దగ్గర ఆ తేడాకు పడవ పగులుతుంది. నెలల తరబడి పెట్టెలో పడుకున్న సెట్టు తెరవగానే పలకదు కూడా. ఉపగ్రహాల పట్టిక మొత్తం కొత్తగా దించుకోవాలంటే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. సెల్స్ లోపలే వదిలేస్తే కారి తుప్పు పట్టిస్తాయి. వారానికోసారి దాన్నే మొదటి సెట్టుగా వాడమన్నాను. మా డూప్లికేటు చెవుల నియమమే ఇది. (మన పిల్లలకు నేర్పిన తెలుగు అక్షరాలు కూడా ఇలాగే పెట్టెలో ఉండిపోయాయేమో అనిపిస్తుంది. ఆ ప్రసక్తి ఇక్కడ వద్దు.)

రెండోది ఉంటే చాలదనడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ జీపీఎస్ చరిత్రలోనే ఉంది. 1983 సెప్టెంబరు 1న కొరియా విమానం ఒకటి దారితప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్లింది. దాన్ని కూల్చేశారు. 269 మంది పోయారు. ఆ ఘోరం తర్వాతే అమెరికా అధ్యక్షుడు రీగన్ జీపీఎస్‌ను పౌరులకూ అందిస్తామని ప్రకటించాడు. నేడు గంజాం పడవలో ఆ సెట్టు ఉందంటే దాని వెనక ఆ చావులున్నాయి. ఆ విమానంలో దారి చూపే యంత్రాలు మూడున్నాయి. విమానాన్ని వాటికి అప్పగించకుండా దిక్సూచి చూపిన ఒకే దిశకు కట్టి వదిలేశారని 1993 నాటి అంతర్జాతీయ విచారణ తేల్చింది. మూడు జామీను సంతకాలుండి, ఎవరినీ పిలిచి అడగలేదన్నమాట.

మనవడు ఇదంతా విని, "తాత ఇంకో మాట అనేవాడు. రెండోది చేతిలో ఉంటే కుర్రాళ్లు ఇంకా దూరం పోతారని" అన్నాడు. అదీ నిజమే. బీమా ఉందని నిర్లక్ష్యం చేసే ఖాతాదారులను చూసినవాణ్ని. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అయితే ఒక్కటి గమనించాను. ఈ వాదన ఒడ్డున ఉన్నవాడి నోట వస్తే పిసినారితనానికి ముసుగవుతుంది. సముద్రం మీదున్నవాడు తనకు తానే చెప్పుకుంటే జాగ్రత్త అవుతుంది. ముసలాయన ఆ మాట అంటూనే రెండో సెట్టు అడిగాడు.

సెట్టు కొన్నాడు. పెన్సిలుతో గుర్తులన్నీ ఒక పుస్తకంలో రాసుకొని, దాన్ని ప్లాస్టిక్ సంచిలో కట్టాడు. చేతి సెట్టు సరంగు దగ్గర కాక కళాసీల్లో చిన్నవాడి దగ్గర ఉంచమన్నాను. తాళంచెవులు రెండూ ఒకే మొలతాడుకు కట్టుకోరు గదా. ఒప్పుకున్నాడు. ఒక్క విషయంలోనే మాకు తేడా వచ్చింది. వేట డబ్బులో డీజిలు, ఐసు, తిండి ఖర్చులు ముందు తీసేసి మిగిలింది పంచుకుంటారు. సెట్టు ఖరీదు కూడా ఆ ఖర్చుల్లో వేస్తానన్నాడు. అంటే కళాసీల వాటాల్లోంచి కూడా పోతుంది. బోటు ఖాతాలో వెయ్యవలసిన ఖర్చు అది అన్నాను. "అందరి ప్రాణాలకూ కదండీ" అన్నాడు. వాళ్లను అడిగావా అన్నాను. పై వేట నుంచి వచ్చాక అడుగుతానన్నాడు.