కుందేలు చేతిలో కత్తి

‘ఉసాగి యోజింబో’ బొమ్మల కథల పుస్తకం మా చిన్నాడి చేతికివ్వాలా వద్దా అని నెల్లాళ్ళు తర్జనభర్జన పడ్డాను. వాడికి ఎనిమిదేళ్ళు. నాకేమో ప్రాణప్రదమైన కథలాయె! 1984లో స్టాన్ సకాయ్ మొదలుపెట్టాడు. పదిహేడో శతాబ్దపు జపాను. ప్రభువు యుద్ధంలో పోతే, దిక్కులేక ఊరూరా తిరిగే సమురాయ్. అతనో కుందేలు! చెవులు రెండూ నెత్తిమీద సిగలా కట్టుకుంటాడు. ముచ్చటగానే ఉంటుంది. కానీ కత్తి దూశాడంటే ప్రాణాలు పోతాయి కదా!

చివరికి ఇచ్చాను. సాయంత్రం చూద్దును కదా, వాడు పేజీల మీద వేలు పెట్టి ఏదో లెక్కపెడుతున్నాడు.

“ఏంట్రా అది?”

“చచ్చిపోయినవాళ్ళమ్మా. ఏడుగురు.”

ఆ కథల్లో నెత్తురు పెద్దగా చూపించరు. ఎవరైనా చనిపోతే, మాటలు రాసే బుడగలో చిన్న పుర్రె బొమ్మ వేస్తారు. పేరులేని దొంగక్కూడా వేస్తారు. ఇన్నేళ్ళుగా చదువుతున్నా నేనెప్పుడూ వాటిని లెక్కపెట్టలేదు. కుందేలు గెలిచిందా లేదా, అంతే.

“వీడికీ ఇంట్లో పిల్లలుంటారు కదమ్మా?” అన్నాడు.

నాకు జవాబు తోచలేదు.

కురుక్షేత్రంలో పద్దెనిమిది అక్షౌహిణులు నేలకూలాయని, అన్నం కలిపి పెడుతూ ఎన్నిసార్లు చెప్పలేదు వీడికి! ఒక్క ముద్దలో అందరూ అయిపోయేవారు. అప్పుడీ ప్రశ్న రాలేదు. నేను రానివ్వలేదేమో.

చావు పిల్లల కంట పడుతుందేమోనని హడలిపోతాం మనం. కంటపడీ లెక్కలోకి రాకపోతే? అది కదూ భయపడాల్సింది?

రెండో పుస్తకం ఇద్దరం కలిసి చదువుతున్నాం. ఇప్పుడు నేనూ లెక్కపెడుతున్నాను.