సంఘమునకు విశ్వాస ప్రమాణ మవసరమా?

మతమునకు సిద్ధాంతము ప్రాణమా, కంచెయా? ఈ ప్రశ్న అమెరికాలోని బాప్తిస్టు సంఘములను నూరేండ్లుగా కలవరపెట్టుచున్నది. ఇది తెలుగువారికి పరాయి కథ కాదు. 1836లో తెలుగు సీమకు చేరిన మిషనరీని పంపినది అమెరికా బాప్తిస్టులే. 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో, వెల్లంపల్లి వద్ద, ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అంతకుముందు కరవుకాలమున, గింజల కొరకు వత్తురేమోయని ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బాప్తిస్మములను నిలిపివేసి యుండెను. ఆ వచ్చినవారిలో త్రిత్వమును వివరింపగలవా రెందరు? ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను కొలువరాదు అను మూడు కట్టుబాట్లే వారికి ముఖ్యము. నడవడియే పరీక్ష. 1903లో నాటాల్ వచ్చిన జాన్ రంగయ్య కేర్స్‌నీ తేయాకు తోటలోని తెలుగు కూలీల నడుమ సంఘమును స్థాపించినదియు ఆ నెల్లూరు, ఒంగోలు సంప్రదాయము నుండియే.

ఆ మిషనరీలను పంపిన ఉత్తరాది బాప్తిస్టులు 1922లో ఇండియానాపొలిస్‌లో సమావేశమైరి. 1833 నాటి న్యూ హాంప్‌షైర్ విశ్వాస ప్రమాణమును సంఘములకు సిఫారసు చేయవలెనని ఒక పక్షము కోరెను. కొత్త నిబంధన చాలును, వేరొకటి అక్కరలేదని రెండవ పక్షము వాదించి 1,264 ఓట్లతో గెలిచెను, వ్యతిరేకించినవారు 637. (దైవ విషయమును చేతులెత్తి లెక్కించుట విచిత్రమే!) దక్షిణాది బాప్తిస్టులో, అదే ప్రమాణము నాధారముగా గొని 1925లో తమ విశ్వాస ప్రకటనను రచించుకొనిరి. 1963లోను, 2000లోను దానిని సవరించిరి. పాస్టరు పదవి పురుషులకే యని 2000 నాటి ప్రతి పలికెను. స్త్రీలను పాస్టర్లుగా నియమించినందులకు కాలిఫోర్నియాలోని సాడిల్‌బ్యాక్ అను మహాసంఘము 2023లో వెలియైనది.

ఇట్లు చూడగా సిద్ధాంతము గెంటివేయుటకే పనికివచ్చునని తోచును. అది తొందరపాటు. తోటలకు వచ్చిన తెలుగు పెద్దలు భాష్యములను మూట గట్టుకొని రాలేదు. దీపమును, రామభజనను తెచ్చిరి. రెండు తరములు అదే చాలినది. మూడవ తరపు పిల్లవాడు “ఎందుకు?” అని అడిగిననాడు “మా తాత చేసెను” అను జవాబు చాలలేదు. ఆచారమునకు అర్థము చెప్పగల మాట అప్పుడు కావలసివచ్చినది. చెప్పలేని యిండ్లలో దీపమే ఆరినది. కావున సిద్ధాంతము బడిలో నేర్పవలసినదే గాని, గుమ్మమున నిలిపి ఒప్పగింపించుకొనవలసినది కాదు.

అయినను ఒక చిక్కు మిగిలియున్నది. గుమ్మమున పరీక్ష వద్దన్న ఉత్తరాది సంఘమును చీలకపోలేదు. 1932లో కొందరు, 1947లో మరికొందరు, సిద్ధాంతము సడలినదని వేరుపడిరి. వేరుపడియు వారు బాప్తిస్టులమను పేరును మాత్రము విడువలేదు.