మనవాళ్ళు

పరాయి దేశంలో నాలుగు రోజులు గడిస్తే చాలు, మనిషికి 'మనవాళ్ళ' కోసం ప్రాణం కొట్టుకోవడం మొదలవుతుంది. హైదరాబాదులో ఉన్నన్నాళ్ళూ ఎదురింటి తెలుగావిడ తలుపు తీసిన చప్పుడైతే, ఆవిడ లిఫ్టు ఎక్కి వెళ్ళిపోయేదాకా చెప్పులేసుకోకుండా నిలబడే మనిషిని నేను. అలాంటిదాన్ని పోర్ట్ లూయీ వీధుల్లో జడ కనిపించినా, బొట్టు కనిపించినా వెనకాలే నడిచాను. మావారు నవ్వారు కూడాను.

పోర్ట్ లూయీ అంటే మారిషస్ రాజధాని. మా అబ్బాయి పట్టుబట్టి టిక్కెట్లు కొనిచ్చాడు. అందరూ అక్కడికి బీచిల కోసం వెడతారు. మావారికి ఇసక గిట్టదు కనుక మేం ఊళ్ళోనే బస చేశాం. ఒకవైపు రేవు, మిగతా వైపులంతా కొండలు. వాటిలో ఒకటి బొటనవేలు పైకెత్తి చూపించినట్టు ఉంటుంది. దాని పేరు కూడా బొటనవేలేనట, ఫ్రెంచిలో. ఊరికి తమ రాజు పేరు పెట్టింది ఫ్రెంచివాళ్ళు. 1810లో దీవి ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చినా, ఆ పేరు అలాగే ఉండిపోయింది. మసీదూ, చైనావాళ్ళ వీధీ, చర్చీ, కోవెలా అన్నీ కూతవేటు దూరంలోనే. ఎండ మన కాకినాడ ఎండే. చెమట కూడా అదే.

అసలు సంగతి బజార్లో జరిగింది. రేవుకి దగ్గర్లోనే పెద్ద కూరగాయల మార్కెట్టు. అక్కడ కొత్తిమీరని 'కొతొమిలి' అంటారు. మన మాటకంటే తమిళుల కొత్తమల్లికే దగ్గరనుకోండి, అయినా చెవికి ఎంత ఇంపుగా ఉందో! మునగాకు కట్టలు పేర్చుకుని కూచున్న ఓ పెద్దావిడ, ముక్కుకి పుడక, నుదుట కుంకుమ. ఉండబట్టలేక, "మీరు తెలుగువాళ్ళా?" అన్నాను. ఆవిడ మొహం విప్పారింది. "వీ, తెలుగూ!" అంది. వాళ్ళ క్రియోల్ భాషలో 'వీ' అంటే అవును.

అక్కడితో ఊరుకోవచ్చు కదా! ఊరుకోలేదు. ఆ ముక్కా ఈ ముక్కా తెలుగులో అడిగాను. ఆవిడ 'అమ్మ' అంది, 'అన్నం' అంది, 'గోవిందా' అంది, ఆపైన నవ్వేసింది. వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పుకొచ్చింది. సింహాద్రి అప్పన్నకి పూజ చేస్తారట, అమ్మోరి పండగ చేస్తారట, ఉగాదికి దేశమంతటికీ సెలవట. మాట్లాడటం మాత్రం వాళ్ళమ్మతోనే పోయిందట. నేను "అయ్యో!" అన్నాను. పైకే అన్నాను. ఆవిడ నవ్వు కాస్త తగ్గింది. డబ్బు తీసుకుని ఓ కొతొమిలి కట్ట ఊరికే చేతిలో పెట్టింది. హోటల్ గదిలో దాన్నేం చేసుకుంటానో నాకు తెలీదు, ఆవిడకీ తెలీదు.

ఆ 'అయ్యో' నాకు దారంతా అడ్డం పడుతూనే ఉంది. బడి ఇనస్పెక్టరు వచ్చి పిల్లని నిలబెట్టి ఎక్కం అడిగినట్టు అడిగాను కదా, ఏ హక్కుతో అడిగాను? ఆవిడకి తెలుగు రాకపోతే నాకు పోయిందేమిటి?

మర్నాడు ఆప్రవాసీ ఘాట్‌కి వెళ్ళాం. 1834లో 'అట్లాస్' అనే ఓడలో 36 మంది కూలీలతో మొదలైంది ఆ రాక. మరుసటేడే ఆ దీవిలో బానిసత్వం రద్దయింది. చెరుకుతోటలకి చేతులు కావాలి మరి. అయిదేళ్ళ ఒప్పందం, మగవాడికి నెలకి అయిదు రూపాయలు, ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. తర్వాత తొంభై ఏళ్ళలోపు నాలుగున్నర లక్షల పైచిలుకు జనం ఆ రేవులోనే దిగారు. మనవాళ్ళు కోరంగి రేవునుంచి ఓడెక్కడంవల్ల తెలుగువాళ్ళందరికీ అక్కడ 'కోరంగీలు' అని పేరు పడింది. 1849లో కట్టిన డిపోలో చాలాభాగం రోడ్డు కింద పోయింది. మిగిలినదాన్ని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. పదహారు రాతిమెట్లున్నాయి. ఓడ దిగిన ప్రతివాళ్ళూ వాటిమీదుగా ఎక్కి రావాల్సిందేనట. నేను చెప్పులు విడిచి నుంచున్నాను. మావారు ఫోటో తియ్యబోతే వద్దన్నాను.

చూపించే అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో. వాళ్ళ పూర్వీకుడిది బీహారులో ఆరా దగ్గర పల్లెటూరని చెప్పింది. ఆయన పేరు, తండ్రి పేరు, ఓడ దిగిన ఏడు, ఆయనకిచ్చిన నంబరు గడగడా అప్పజెప్పింది. దిగినవాళ్ళ పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, పొడుగు, ఒంటిమీది మచ్చలు అన్నీ రిజిస్టర్లలో రాసేవారట. 1860ల నుంచి ఫోటోలు కూడా తీశారు. అవన్నీ ఇప్పుడు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. (అంతకుముందు ఆఫ్రికానుంచీ, మడగాస్కర్‌నుంచీ పట్టుకొచ్చిన బానిసలకి ఈపాటి భాగ్యమూ లేదు. వాళ్ళ సొంత పేర్లే తీసేసి వేరే పేర్లు పెట్టేవారు.)

"మీ కుటుంబంలోంచి ఎవరైనా వచ్చారా ఆంటీ? పేరు చెప్పండి, వెతుకుదాం" అంది.

నా గుండెలో కలుక్కుమంది. ఎందుకో చెబుతాను.

తాళ్ళరేవు దగ్గర మాకో కొబ్బరితోట ఉంది. అందులో దక్షిణపు కొసన ఎకరమ్ముప్పావు ముక్కని మావాళ్ళు 'ఓడోడి చెక్క' అంటారు. మా బామ్మ మామగారికి ఓ తమ్ముడుండేవాడట. కరువులోనో, కొట్లాటలోనో ఓడెక్కి వెళ్ళిపోయాడు. రంగూనో, మారిషస్సో ఎవరికీ తెలీదు. ఉత్తరం రాలేదు. అతని వాటా అన్నగారి పొలంలో కలిసిపోయింది. "ఓడెక్కినవాడికీ, గడప దాటినదానికీ వాటా ఏమిటే?" అనేది మా బామ్మ, ఒక్క ఊపిరిలో. గడప దాటినది అంటే ఆడపిల్లన్నమాట. ఆంధ్రలో ఆడపిల్లకి సమాన హక్కు ఇస్తూ చట్టం వచ్చింది 1986లో. అప్పటికే పెళ్ళయినవాళ్ళని అది వదిలేసింది, నన్నూ వదిలేసింది. బామ్మ మాటలో రెండో సగం గురించి ఎన్నేళ్ళు కుళ్ళుకున్నానో నాకే తెలుసు. మొదటి సగం గురించి మాత్రం ఒక్కపూటా ఆలోచించలేదు. ఆ చెక్కమీది కొబ్బరికాయల డబ్బుతోనే కాకినాడలో చదువుకున్నాను నేను.

"పేరు తెలీదమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి ఏమీ అనుకోలేదు. "తండ్రి పేరైనా, ఊరైనా..." అంది ఓపిగ్గా. నేను నిన్న బజార్లో ఆ పెద్దావిడని చూసిన చూపుతో తను నన్ను చూడలేదు. చూసినా బాగుండేది.

రాత్రి మావారితో చెప్పాను. ఆయన వాదన కొట్టిపారెయ్యదగ్గదేమీ కాదు. "శిస్తు కట్టింది వీళ్ళు, ఉప్పెనలొస్తే చెట్లు నాటుకుంది వీళ్ళు. అతను ఇక్కడికే వచ్చాడని రుజువేమిటి? వచ్చినా అతని మునిమనవలు మనకంటే హాయిగా ఉండి ఉంటారు. అసలు అతనే ఈ ఊరి మొహం చూడకూడదనుకున్నాడేమో!" అన్నారు. నిజమే. అన్నీ నిజాలే. తప్పు కొబ్బరికాయల్లో ఉందని నేనూ అనను. కానీ, అతని నేల దగ్గరుంచుకున్నాం, దానికి ముద్దుపేరు కూడా పెట్టుకున్నాం, మనిషి పేరుమాత్రం జారవిడుచుకున్నాం. అయిదు రూపాయల జీతానికి రప్పించుకున్న దొర గుమాస్తా ఒంటిమీది మచ్చతో సహా రాసుకున్నాడే, అన్నం పెట్టిన ఇంట్లో ఒక్కళ్ళూ గుర్తుంచుకోలేదే!

మరి భాష మరిచిపోయారని జాలిపడ్డాను నేను. మాట్లాడేందుకు ఇంట్లో ఓ ముసలితల్లి తప్ప ఎవరూ మిగలని చోట, సముద్రం అవతల, అప్పన్ననీ అమ్మోరినీ ఇన్ని తరాలు పట్టుకుని వేళ్ళాడినవాళ్ళు వాళ్ళు. ఇక్కడ అదే ఊళ్ళో, అదే తోటలో కూచున్నవాళ్ళం మేం. 'మనవాళ్ళు' అని అడుగుతూ ఊరంతా తిరిగాను కానీ, ఆ మాట అనే వంతు నాదేనా అన్నది ఆ పూట నాకు తేలలేదు. ఇప్పటికీ తేలలేదు. మీకెవరికైనా తేలితే చెప్పండి.

ఇంకో సంగతి దాచాను. ఆ చెక్కని ఈ ఏడు మా తమ్ముడు అమ్మేస్తున్నాడు. నేను అడక్కపోయినా "నీ వాటా నీకు పంపిస్తానక్కా" అన్నాడు, మంచివాడు. అమ్మొద్దని చెప్పే హక్కు నాకు లేదు, చెప్పాలనీ లేదు. హోటల్‌నుంచే ఫోను చేసి, దస్తావేజులో పాత పేరేదైనా ఉందేమో చూడరా అన్నాను. ఉన్నవన్నీ తాతగారి పేరుమీదేనన్నాడు. "ఇప్పుడెందుకక్కా?" అన్నాడు. ఏం చెప్పను!

మా మేనత్తకి తొంభై దాటాయి, రాజోలులో ఉంటుంది. తనకీ చేశాను. వినపడక మూడుసార్లు అడిగించుకుంది.

"పేరా? పేరెవరన్నారే అమ్మడూ! 'ఓడోడు' అనే అనేవారు." కాసేపు ఊరుకుంది. పెట్టేసిందేమో అనుకున్నాను. "ఒక్కటి మాత్రం మా అమ్మ చెప్పేది. వాడిది ఎడమచేతి వాటంట. కొబ్బరికాయ ఎడంచేత్తో ఒలిచేవాడట. శుభమా అని అదేం పనిరా అని తిట్టేవారట."

ఆ అమ్మాయి ఇచ్చిన కాగితంమీద పేరూ, తండ్రి పేరూ, ఓడా, ఏడూ అని గళ్ళున్నాయి. అన్నీ ఖాళీగా వదిలేసి, అడుగున మిగిలిన చోట ఇంగ్లీషులో రాశాను, తాళ్ళరేవు, ఎడమచేతి వాటం అని. మర్నాడు విమానానికి వెళ్ళేముందు ఇచ్చి వచ్చాను.