దైవము లేని ధర్మము

దేవుడు లేడనువానికి ధర్మము లేదని కొందఱును, దేవుని నమ్మువానికి వివేకము లేదని కొందఱును సులభముగ తీర్పు చెప్పుచున్నారు. దేవుడు కలడా లేడా యను వాదము తత్త్వశాస్త్రజ్ఞులది. మానవశాస్త్రజ్ఞుని ప్రశ్న వేఱు. ఈ నమ్మకము ఎవరిని దగ్గఱకు చేర్చుచున్నది? ఎవరిని వెలివేయుచున్నది? అని యాతడు విచారించును.

ఫ్రెంచి సమాజశాస్త్రజ్ఞుడగు ఎమీల్ దుర్ఖేము 1912లో ప్రకటించిన గ్రంథమున, దైవవిశ్వాసమే మతమునకు లక్షణము కాదని బౌద్ధమును దృష్టాంతముగ చూపెను. పవిత్రమని తలచినదాని చుట్టు జనులొక నైతికసమాజముగ కూడుటయే మతమని యాతని యభిప్రాయము.

ఈ దృష్టాంతమునకై పెదకూరపాటివారు దూరదేశములకు పోనక్కఱలేదు. కొన్ని క్రోసుల దూరముననే అమరావతి స్తూపము కలదు. మాచర్ల చెంతనున్న నాగార్జునకొండ శాసనములు మఱింత విశేషమును తెలుపుచున్నవి. క్రీస్తుశకము 3వ శతాబ్దమున ఇక్ష్వాకురాజగు శాంతమూలుడు అశ్వమేధము చేసెను. ఆయన తోబుట్టువగు శాంతిశ్రీ అచ్చటనే బౌద్ధమహాచైత్యమును నిర్మింపజేసెను. ఒకరిది యజ్ఞమార్గము, ఒకరిది సృష్టికర్తను చెప్పని మార్గము. అయినను కుటుంబ మొక్కటియే. ఆ లోయ నేడు నాగార్జునసాగర జలములలో మునిగియున్నను శాసనములు నిలిచియున్నవి.

ఇటీవలి కాలమున గోరా యని ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావుగారు 1940లో కృష్ణాజిల్లా ముదునూరున నాస్తికకేంద్రమును స్థాపించిరి. వారి నాస్తికత్వము వాదముతో నాగక సహపంక్తిభోజనముగ పరిణమించెను. అస్పృశ్యులనబడిన కులమునకు చెందిన యువకునికి తమ కుమార్తె నిచ్చి 1948లో సేవాగ్రామమున వివాహము చేసిరి. పరమభక్తుడగు గాంధీమహాత్ముడు బ్రతికియుండగనే దానికి సమ్మతించియుండెను.

న్యాయవాదినగు నేను దేవునిపై ప్రమాణము చేసి యసత్యమాడినవారిని పలువురను చూచితిని. ఒక రైతు మాత్రము దేవుని పేరెత్తక ప్రతిజ్ఞ చేసి, తనకే నష్టము కలిగించు సత్యమును పలికెను. 1969 నాటి ప్రమాణముల చట్టము అట్టి ప్రతిజ్ఞ నంగీకరించుచున్నది. అతని గ్రామ మంగీకరింపలేదు. కర్మకాండ చేయనన్నాడని, అతని తల్లి మరణించిననాడు పాడె మోయుటకు నలుగురు రారైరి. ఆ నలుగురిలో నేనొక్కడను కావలసినవాడను. పని యున్నదని చెప్పి పోనైతిని. ఆనాడు నా యాస్తికత్వము వలన ఎవరికేమి మేలు కలిగెను?

కావున చదువరులారా, పొరుగువాడు దేనిని నమ్మునో యడుగుటకు ముందు, మనము ఎవరి పంక్తిని కూర్చుందుమో, ఎవరి పాడెను మోయుదుమో మనలను మనమే ప్రశ్నించుకొందము.