వెలిసిన నలుపు

కారు బంపర్ల అంచులలోనూ, చక్రాల మీద వంపు తిరిగిన పట్టీలలోనూ, పక్క అద్దాల చట్రాలలోనూ రంగు వేయకుండా వదిలిపెట్టే నల్లని ప్లాస్టిక్‌ను వాహనరంగంలో ట్రిమ్ అంటారు. అది కొన్నేళ్లు ఎండకు ఎండితే బూడిదరంగుకు తిరుగుతుంది. దానికి మళ్లీ నలుపు తెప్పించడానికి యజమానులు, కార్లు కడిగే దుకాణాలవారు సిలికాన్ నూనె రుద్దుతారు, వేడిగాలి పట్టిస్తారు, లేదా నల్లరంగు పూస్తారు. చూడడానికి ఇది చిన్న పనే అయినా, గుణం మారినప్పుడు వస్తువు అదేనా, పోయిన గుణం తిరిగి వచ్చిందంటే వచ్చినది పాతదా కొత్తదా, లేక అసలు పోనేలేదా అని భారతీయ తర్కం శతాబ్దాల తరబడి చేసిన చర్చకు ఇంతకంటె చేతికందే ఉదాహరణ ఈ కాలంలో దొరకడం కష్టం.

ఈ ప్లాస్టిక్‌లో ప్రధానమైనది పాలీప్రొపిలీన్. 1954లో ఇటలీలో జూలియో నట్టా దీనిని గట్టి పదార్థంగా రూపొందించాడు. ఆ కృషికిగాను 1963లో కార్ల్ జీగ్లర్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. వాహనాలకు వాడేటప్పుడు దీనిలో దెబ్బకు పగలకుండా ఉండేందుకు రబ్బరు వంటి పదార్థాన్ని, బిగువు కోసం టాల్క్ పొడిని, నలుపు కోసం అతి సన్నని మసిని కలుపుతారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్ కలిసి ప్లాస్టిక్ అణువుల పొడుగాటి గొలుసులను తెంపుతాయి. పైపొర పెళుసెక్కి కంటికి ఆనని పగుళ్లిస్తుంది, లోపలి టాల్క్ పొడి బయటపడుతుంది. అయితే మసి కర్బనమే కాబట్టి ఎండకు దాని నలుపు పోదు. గరుకెక్కిన ఉపరితలం మీద పడిన వెలుతురు నాలుగు దిక్కులకూ చెదరడం వల్ల కంటికి తెలుపు తోస్తుంది, అంతే. కడప నాపరాయి ఆరినప్పుడు బూడిదగా, తడిసినప్పుడు నల్లగా కనిపించడానికీ కారణం ఇదే; నీరు రాతికి రంగు వేయదు, రాతి గరుకును కాసేపు నింపుతుంది.

భారతీయ తర్కంలోని రెండు శాఖలవారు, వైశేషికులు, నైయాయికులు, ఈ రకమైన మార్పును కుండ ఉదాహరణగా చర్చించారు. పచ్చికుండ నల్లగా ఉంటుంది, ఆవంలో కాలితే ఎర్రనవుతుంది. తేజస్సుతో, అంటే అగ్నితత్వంతో, సంయోగం కలిగి పృథివీద్రవ్యంలో రూపరసగంధస్పర్శలు మారడాన్ని వారు పాకం అన్నారు. వైశేషికుల మతం పీలుపాకవాదం; పీలువు అంటే పరమాణువు. నిప్పు తగిలినప్పుడు కుండ పరమాణువుల దాకా విడిపోతుందనీ, ఆ పరమాణువులలోనే నలుపు నశించి ఎరుపు పుడుతుందనీ, అవి తిరిగి కలిసి వేరొక కుండ ఏర్పడుతుందనీ, ఇదంతా అతివేగంగా జరగడం వల్ల కంటికి తెలియదనీ వారి వాదన. నైయాయికులది పిఠరపాకవాదం, పిఠరం అంటే కుండ. కుండ సన్నని రంధ్రాలు కలది కనుక నిప్పు విడగొట్టకుండానే లోపలికి చేరగలదనీ, ఆవంలో ఒకదానిమీద ఒకటి పేర్చిన కుండలు కూలిపోకుండా నిలవడమూ, కాలిన కుండను చూసి ఇది ఆ కుండే అని గుర్తుపట్టడమూ, అంటే ప్రత్యభిజ్ఞ కలగడమూ, దానికి సాక్ష్యమనీ వారు చెప్పారు. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో తన తర్కసంగ్రహం అనే గ్రంథానికి తానే రాసుకున్న దీపిక అనే వ్యాఖ్యలో ఈ రెండు మతాలనూ పరిచయం చేశాడు. (ఆ గ్రంథం లెక్కపెట్టిన ఏడు రంగులలో నలుపుకు విడిగా చోటు లేకపోవడం, అది నీలంలోనే ఇమిడిపోవడం ఇక్కడ గమనించదగినది.)

పాకమంటే ఆవం ఒక్కటే కాదు. చెట్టునున్న పచ్చికాయ పసుపు తిరగడం కూడా పాకమే కనుక, ఆ లెక్కన ఎండకు బంపర్ తెల్లబడడమూ పాకమే, వేడిగాలి పట్టించి నల్లబరచడమూ పాకమే అనవలసి వస్తుంది. తేజస్సు వెలవెలబోయేలా చేసిన దానికే తేజస్సుతో చికిత్స చేస్తున్నారన్నమాట. పాలీప్రొపిలీన్ 160 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో కరుగుతుంది. వేడిగాలి యంత్రాన్ని ఒకచోట నిలపకుండా ఆడిస్తూ పోతే, పెళుసెక్కిన పైపొర క్షణకాలం మెత్తబడి, గరుకు సర్దుకుని, చూస్తుండగానే నలుపు తేలుతుంది. నిలిపితే ఆ చోటు వంకరపోతుంది. బయటినుంచి ఏదీ కలపని పద్ధతి కావడంతో దీనినే అసలైన పునరుద్ధరణ అనుకునేవారు ఎక్కువ. నిజానికి తెగిన గొలుసులు ఈ వేడికి అతుక్కోవు, తయారీలో కలిపిన ఎండరక్షక రసాయనాలలో ఖర్చయిపోయినవి తిరిగి రావు. కనిపించే నలుపు వస్తువు సొంతమే, కాని వస్తువు మునుపటంత బలమైనది కాదు. పిఠరపాకవాది గుర్తింపును సాక్ష్యంగా తెచ్చినప్పుడు పీలుపాకవాది దానిని ఎందుకు ఒప్పుకోలేదో ఇక్కడ బాగా అర్థమవుతుంది. చూపు గుర్తుపట్టేది కుండనే. లోపల విడిపోయినవాటి సంగతి చూపుకు అందదు.

నూనె సంగతి దీనికి తలకిందులుగా ఉంటుంది. సిలికాన్ నూనెతో వచ్చే మెరుపు నాలుగు వానలకు కడుక్కుపోతుంది కాబట్టి దానిని పైపూత, అరువు నలుపు అని తక్కువ చేస్తారు. అద్వైతులు ఉపాధి అనే మాటను వివరించడానికి వాడే స్ఫటికం ఉదాహరణ ఈ అభిప్రాయానికి సరిపోతుందనిపిస్తుంది: పక్కన మందారపువ్వు ఉన్నంతసేపూ స్ఫటికం ఎర్రగా తోస్తుంది, పువ్వు తీస్తే ఎరుపు పోతుంది, సామీప్యం చేత తన గుణాన్ని వేరొకదాని గుణంగా తోపింపజేసేది ఉపాధి. కాని సిలికాన్ నూనెకు నలుపు లేదు; లేని గుణాన్ని అది అరువివ్వజాలదు. అది చేసేదల్లా పగుళ్లలో నిండి వెలుతురు చెదరకుండా ఆపడమే. ఇక్కడ ఆరోపితమైనది, అంటే లేనిచోట తోచినది, తెలుపు. నలుపు మొదటినుంచీ అక్కడే ఉంది. అందుచేత అరువుగా కనిపించే నూనె నిజానికి ఆవరణను తొలగిస్తోంది. నల్లరంగు పూత మాత్రమే మందారంలా తన నలుపును పైన తోపిస్తోంది. తెలుగులో రంగు వెలిసిందనీ, వాన వెలిసిందనీ, కొండమీద స్వామి వెలిశాడనీ అంటారు. వ్యాకర్తలు వెలియు, వెలయు అని రెండు ధాతువులుగా విడదీసినా, వాడుక వాటిని ఒక్క మాటగా కలిపేసింది. పోవడమూ ప్రకటం కావడమూ ఒకే నోట పలికే భాషకు, పోయిందనుకున్న నలుపు చోటు వదలలేదన్న సంగతి మరీ కొత్త కాకూడదు.

నూనె నిలవదన్న ఫిర్యాదుకు ఆలయాచారం వేరొక దృష్టి చూపిస్తుంది. కోనసీమలోని మందపల్లిలో శనిదోష నివారణకు మందేశ్వరుడికి నువ్వులనూనెతో అభిషేకం చేస్తారు. నిన్న పోసిన నూనె ఆరిందని నేటి అభిషేకాన్ని ఎవరూ వ్యర్థమనరు. ఇక మరమ్మతు సంగతికి వస్తే, విగ్రహాన్ని పీఠానికి పట్టి ఉంచే ఎనిమిది ద్రవ్యాల ముద్దను అష్టబంధనం అంటారు. తిరుమలలో 12 ఏళ్లకొకసారి దానిని సరిచేసి మహాసంప్రోక్షణం జరుపుతారు, 2018 ఆగస్టులో జరిగినది అటువంటిదే. ఆ పనికి ముందు కళాకర్షణ చేసి, అంటే మూర్తిలోని దివ్యశక్తిని కుంభంలోకి ఆవాహన చేసి, బాలాలయమనే తాత్కాలిక సన్నిధిలో ఉంచుతారు. మరమ్మతు వల్ల మూర్తి వేరైపోతుందా అన్న ప్రశ్న లేవకుండానే ఆగమం సమాధానం ఏర్పాటు చేసుకుంది. సాన్నిధ్యం ముందే పక్కకు జరిగింది, మారినవి ముద్దా, ఆ ముద్ద వయసూ. బంపర్‌కు ఆవాహన లేదు గనుక పోలిక ఇంతకుమించి సాగదు.

మిగిలింది సత్యం ప్రశ్న. పాత కారును అమ్మకానికి పెట్టేముందు ట్రిమ్‌కు నూనె రుద్దడం మోసమా? నలుపు ఆ వస్తువుదే అని పైన తేలింది కనుక కాదనవచ్చు. అయితే కొనేవాడు నలుపును నలుపు కోసం చూడడు. బండి నీడన ఉందనీ, తక్కువ తిరిగిందనీ ఊహించడానికి చూస్తాడు. తర్కం ఇచ్చే ఉదాహరణలో, పొగను చూసి కొండమీద నిప్పుందని ఊహించేటప్పుడు పొగ హేతువు, అంటే ఊహకు ఆధారం. మంచునే పొగగా భ్రమిస్తే పొరపాటు కంటి దగ్గర మొదలైనా, చెడేది హేతువు. రుద్దిన నలుపు రంగుగా నిజమే, బండి గతానికి హేతువుగా మాత్రం మంచుతెర. తన కారుకు తాను రుద్దుకున్నవాడి చేతిలో ఈ దోషం లేదు, ఎందుకంటే అతడు దానినుంచి దేనినీ ఊహించబోడు. పాతబండ్ల బేరాలలో చేయి తిరిగినవారు అందుకే మెరిసే పట్టీ దగ్గర ఆగరు. తలుపు తెరిచి, ఎండా గుడ్డపేలికా రెండూ చేరని రబ్బరు అంచు వెనక వేలు పెట్టి చూస్తారు.