చేతి నేర్పు – యంత్రపు చూపు

ఎముక విరిగినవాడు వైద్యునియొద్దకు వచ్చునపుడు దేహమును మాత్రమే గాక, రేపటి కూలిని, ఇంటివారి ఆధారమును గూడ అతని చేతిలో నుంచుచున్నాడు. అంతటి నమ్మకమునకు అర్హత దేనివలన కలుగును? అనుభవము గల చేతివలననా, సూక్ష్మమైన యంత్రమువలననా? ఇది వైద్యప్రశ్నవలె తోచినను, మూలమున ధర్మప్రశ్న.

హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు తెలుగువారికి ఈ సందేహము పరాయిది గాదు. కాలో చేయో విరిగినచో పుత్తూరు కట్టు వేయించుట మనలో అనేకులకు పెద్దలనాటి అలవాటు. తిరుపతికి చేరువనున్న పుత్తూరు ప్రాంతమున ఒక రాజుల కుటుంబము తరతరములుగా నిలిపిన వైద్యమది. వైద్యుడు వ్రేళ్ళతో తడవి విరిగిన చోటెరిగి, ఎముకను సరిచేసి, ఆకుపసరును కోడిగ్రుడ్డు తెల్లసొనను పట్టించి, వెదురుబద్దలతో కట్టు కట్టును. కట్టు వదులైనచో కీలు నిలువదనియు, మిక్కిలి బిగువైనచో వాపును నొప్పియు పుట్టి చర్మము చీము పట్టుననియు సుశ్రుతసంహిత ఏనాడో హెచ్చరించినది. బిగువువలన నెత్తురు ఆగి అవయవమే పోవచ్చునని నేటి వైద్యులు చెప్పుచున్నారు.

1895లో రాంట్జెన్ ఎక్స్‌రే కిరణములను కనుగొనిన పిమ్మట, వ్రేళ్ళు ఊహించినదానిని కన్ను చూడగలిగెను. 1992లో అమెరికాయందు తుంటికీలు మార్పిడిలో కంప్యూటరు నడపిన యంత్రహస్తము ఎముకను తొలిచెను. అటుపిమ్మట ఎముకకు గురుతులు బిగించి, కెమెరా వానిని కనిపెట్టుచుండగా, పనిముట్టు మొన ఎచట నున్నదో తెరపై చూపు పద్ధతి వచ్చెను. కటిప్రదేశపు ఎముకలు విరిగి, నరముల ప్రక్కనే స్క్రూ బిగింపవలసినపుడు ఈ చూపు గొప్ప మేలు.

అయినను ఈ చూపునకును ఒక హద్దు కలదు. హోసూరు కర్మాగారములలో కంప్యూటరు లేతు నడపు మనవారికి అది సులభముగా బోధపడును. ఆరంభమున సున్నస్థానమును తప్పుగా నుంచినచో, లేతు వెంట్రుకవాసి తేడా లేక తప్పుచోటనే కోయును. అట్లే ఎముకకు బిగించిన గురుతు కదలినచో, తెర తప్పుచోటునే ఒప్పుగా చూపును. దానిని శంకింపవలసినవాడు వైద్యుడే. యంత్రము చూపు నీయగలదు, బాధ్యతను మోయలేదు.

యంత్రముచే పొరపాటు తగ్గునపుడు దానిని నిరాకరించుట అధర్మము గాదా యని కొందరడుగుదురు. అవసరమైన చోట నిరాకరించుట అధర్మమే. అక్కర లేని చోట దానిపేర పేదవానిని అప్పులపాలు చేయుటయు అధర్మమే. ఎముక చర్మమును చీల్చుకొని వెలికి వచ్చిన గాయమును చూచి, "ఇది నాచేత గాదు, వెంటనే ఆసుపత్రికి పొండు" అను కట్టువైద్యుడును, విలువైన యంత్రము చెంతనే యున్నను, "దీనికి పిండికట్టు చాలును" అను శస్త్రవైద్యుడును ఒకే ధర్మమును పాటించువారు. తన విద్యకు గల హద్దు నెరిగి, దానిని రోగికి దాచక చెప్పుటయే ఆ ధర్మము.

రోగి బంధువులకును ఒక విధి కలదు. పుత్తూరు మన తెలుగుసీమది యను అభిమానము మెచ్చదగినదే. కాని అభిమానము ఎముక నతుకజాలదు. యంత్రము క్రొత్తది యను వ్యామోహమును అతుకజాలదు. కట్టిన పిమ్మట వ్రేళ్ళు నల్లబడినను, చల్లబడినను, తిమ్మిరెక్కినను, కట్టినవా రెవరని చూడక తత్క్షణమే కట్టు విప్పించి ఆసుపత్రికి కొనిపోవలెను. అచట మాట దక్కించుటకన్న అవయవము దక్కించుట ముఖ్యము.