విశ్రాంతి విలువ: పెద్దాపురం చేనేత నేపథ్యంలో ఒక నైతిక పరిశీలన

శ్రమ విలువైనదన్న విషయంలో భిన్నాభిప్రాయం లేదు. విశ్రాంతికి స్వతంత్రమైన విలువ ఉన్నదా, లేక శ్రమకు తోడ్పడినంత మేరకే ఉన్నదా అన్నదే ప్రశ్న. విశ్రాంతి లక్ష్యం కాదని, తిరిగి కార్యోన్ముఖులు కావడానికి సాధనమని అరిస్టాటిల్ 'నికోమాకియన్ ఎథిక్స్' పదవ భాగంలో ప్రతిపాదించాడు. 1932 నాటి వ్యాసంలో బెర్ట్రండ్ రస్సెల్ దినానికి నాలుగు గంటల పని చాలునని వాదించి, తీరికను నాగరికతకు ఆధారంగా నిలిపాడు.

తెలుగులో ఈ భావానికి గల మూడు మాటలు మూడు దృక్పథాలను సూచిస్తాయి. 'విశ్రాంతి'లో ఉన్నది 'శ్రమ' ధాతువే. అలసట తొలగడం దాని అర్థం. 'తీరిక' తీరు అనే క్రియ నుండి వచ్చినది. పని ముగిసిన పిమ్మట లభించేది. 'సెలవు'కు అనుమతి, ఆజ్ఞ అనే అర్థాలున్నాయి. అది మరొకరు ఇవ్వవలసినది.

పట్టునేతకు పేరుపొందిన పెద్దాపురంలో ఈ భేదాలు స్పష్టంగా కనిపిస్తాయి. సన్నని పట్టుపోగులతో నేసేవారికి చూపు, ఏకాగ్రత అవసరం. అలసిన కన్ను తెగిన పోగును గమనించకపోతే బట్టలో లోపం మిగులుతుంది. కనుక విశ్రాంతి నాణ్యతను కాపాడుతుందన్న వాదం సత్యమే. అయితే అది అసంపూర్ణం. నేసిన బట్టను బట్టి కూలి లభించేచోట మగ్గం ఆగిన ప్రతి గంటా నష్టంగానే తోస్తుంది. విశ్రాంతిని ఉత్పత్తితోనే కొలిస్తే, అవసరం ఒత్తిడి చేసినప్పుడు మొదట త్యాగం చేయబడేది విశ్రాంతియే.

ఇంటిలోనే నేసేవారు తమ వేళలను తామే నిర్ణయించుకొంటారు గనుక స్వతంత్రులని ఆక్షేపణ రావచ్చు. సెలవు ఇచ్చే యజమాని లేకపోవడం వేరు, సెలవు తీసుకోగల స్థితి ఉండడం వేరు. రెండవది లేనప్పుడు మొదటిది స్వేచ్ఛ అనిపించుకోదు. పైగా కండెలు చుట్టే స్త్రీలకు మగ్గం ఆగినా ఇంటిపని ఆగదు.

ఆషాఢమాసం ఇందుకు తగిన ఉదాహరణ. ఆ మాసంలో పెద్దాపురంలో మరిడమ్మ జాతర జరుగుతుంది. అదే మాసంలో వివాహ ముహూర్తాలు ఉండవు. వానలకు గుంటమగ్గంలోకి నీరు చేరే ప్రమాదమూ ఉంటుంది. జాతరకు మగ్గం ఆపడం, పని లేక మగ్గం ఆగడం బయటికి ఒకే తీరుగా కనిపిస్తాయి. మొదటిది కోరుకొన్న విరామం, ఊరంతా పంచుకొనేది. రెండవది విధింపబడిన నిరుద్యోగం. దానిలో దేహం కదలకున్నా మనస్సుకు విశ్రాంతి లేదు. కాబట్టి పని లేకపోవడమే విశ్రాంతి కాదు. మరునాటి జీవనానికి భరోసా, విరమించాలన్న స్వీయనిర్ణయం రెండూ కలిసినప్పుడే అది విశ్రాంతి అవుతుంది.

భారత రాజ్యాంగం 43వ అధికరణం జీవన వేతనాన్ని, తీరికను పూర్తిగా అనుభవించగల పరిస్థితులను, గ్రామీణ కుటీర పరిశ్రమల ప్రోత్సాహాన్ని ఒకేచోట పేర్కొన్నది. ఈ సామీప్యం అర్థవంతమైనది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కర్మాగారపు కార్మికునికి వారపు సెలవును నిర్దేశించింది. ఇంటి మగ్గానికి అటువంటి గంట మోగదు. అక్కడ విశ్రాంతిని కల్పించగలిగేది న్యాయమైన కూలి మాత్రమే.

విశ్రాంతి శ్రమకు సాధనమన్న అరిస్టాటిల్ మాటను ఇక్కడ కొంత సవరించుకోవలసి ఉన్నది. మనిషి నేతకు మాత్రమే జీవించడు. నేత అతని జీవితంలో ఒక భాగం. విశ్రాంతి ఆ జీవితానికి చెందినది గనుక, దాని విలువను నేసిన గజాలతో కొలవడం తగదు.